దండం లేని సంఘం: బుద్ధుని వినయ నియమాలకూ అరాజకవాదానికీ చుట్టరికం ఎంతవరకు?

మూసీతీరం (చైతన్యపురి, హైదరాబాద్) అడిగిన ప్రశ్న

మేము ఏడెనిమిది మందిమి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక మిత్రుడి ఇంటి మేడమీద కూర్చుని బౌద్ధ గ్రంథాలు చదువుకుంటున్నాము. దీఘనికాయంలోని (బుద్ధుని దీర్ఘ ప్రసంగాల సంకలనం) అగ్గఞ్ఞ సుత్తం చదివిన రోజున మొదలైన వాదన మూడు వారాలైనా తెగలేదు. మాకంటే లోతుగా చదివినవారు ఇక్కడ ఉన్నారని తెలిసి ఈ ప్రశ్న రాస్తున్నాను.

ఆ సుత్తంలో రాజు పుట్టిన కథ ఉంది. తొలినాళ్లలో ఊక, తవుడు లేని వరి దానంతటదే పండేది. జనం పొద్దుటికి కావలసింది పొద్దున, సాయంత్రానికి కావలసింది సాయంత్రం తెచ్చుకునేవారు. ఒకడు బద్ధకించి రెండు పూటలకూ ఒకేసారి తెచ్చుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకడు రెండు రోజులకు, మరొకడు నాలుగు రోజులకు తెచ్చుకున్నారు. నిల్వ మొదలైన తరువాత బియ్యానికి ఊక పట్టింది, కోసిన చోట మళ్లీ మొలవడం ఆగిపోయింది, పొలాలకు గట్లు పడ్డాయి. గట్లు పడ్డాకే దొంగతనం, దాని వెనుక అబద్ధం, ఆ వెనుక దండన వచ్చాయి. అప్పుడు జనమే ఒకరిని ఎన్నుకుని, తప్పు చేసినవాణ్ణి మందలించే పని అప్పగించి, కూలిగా తమ వరిలో వాటా ఇస్తామన్నారు. ఆయనే మహాసమ్మతుడు.

మహాభారతం శాంతిపర్వంలోనూ ఇటువంటి ఆరంభమే ఉంది. మొదట రాజ్యం లేదు, రాజు లేడు, దండం లేదు, దండించేవాడూ లేడు, ప్రజలు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకున్నారని భీష్ముడు చెబుతాడు. కానీ అక్కడ కథ నడిచేకొద్దీ రాజులో విష్ణువు ప్రవేశిస్తాడు. సుత్తంలో రాజు చివరిదాకా వరి గింజలకు పని చేసే మనిషిగానే మిగులుతాడు. రాజ్యాన్ని దైవం నుంచి ఇంతగా విడదీసిన పాత కథ మరొకటి నేను చదవలేదు.

మా బృందంలో ఒకరు, ఇది యూరప్ ఆలోచనాపరులు ప్రూధోన్, క్రోపోత్కిన్ చెప్పిన అరాజకవాదానికి తాత వంటిదని అంటారు. మరొకరు ఒప్పుకోరు. మన ఊళ్లోనే మూసీ ఒడ్డున, కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండమీద ఉన్న ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటున్నదనీ, విహారానికే రాజు పేరు ఉన్నప్పుడు రాజ్యం వద్దన్నవారు ఎవరనీ ఆయన అడుగుతారు. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడ్డ ఏకశిలా బుద్ధుణ్ణి కూడా ప్రభుత్వమే చెక్కించింది. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకువెళ్తున్న పడవ ఒరిగి మనుషులు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం 1992 చివరలో గాని పీఠం ఎక్కలేదు. అధికారమూ బుద్ధుడూ ఇంతగా కలిసి కనిపించే నగరంలో ఉంటూ అడుగుతున్నాను: ఈ రెండు ఆలోచనలకు నిజమైన చుట్టరికం ఉన్నదా, లేక మన ఇష్టాన్ని పాత గ్రంథానికి అంటగడుతున్నామా?

ఒక మనవి. మన పత్రికల భాషలో అరాచకం అంటే దౌర్జన్యం. నేను అడుగుతున్నది దాని గురించి కాదు. పాలకుడు లేకుండా మనుషులు క్రమంగా బతకగలరనే సిద్ధాంతాన్నే నేను అరాజకవాదం అంటున్నాను.

పాళీ విద్యార్థిని సమాధానం

మూసీతీరం గారికి నమస్కారం. మీ వాదన తెగకపోవడానికి కారణం మీరు బుద్ధుడు రాజుల గురించి ఏమన్నాడో వెతకడమే అనుకుంటున్నాను. రాజుల ఎదుట ఆయన రాజులకు పనికివచ్చే మాటలే చెప్పాడు. కూటదంత సుత్తంలో, దొంగలను చంపినా కట్టివేసినా దొంగతనం ఆగదనీ, రైతుకు విత్తనాలు, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇస్తే ఆగుతుందనీ ఒక పురోహితుడు రాజుకు చెప్పే కథ ఉంది. అది మంచి పాలనకు సలహా మాత్రమే. పాలన లేని బతుకును చూడాలంటే వినయపిటకం, అంటే భిక్షు సంఘ నియమాల గ్రంథం, తెరిచి, ఆయన తన సొంత సంఘాన్ని ఎలా నడిపాడో చూడాలి.

మహాపరినిబ్బాన సుత్తం ఆరంభంలో మగధ రాజు అజాతశత్రువు మంత్రి వస్సకారుడు వచ్చి, వజ్జి గణం (ఒక్క రాజు కాక సభ పాలించే రాజ్యం) మీద తమ రాజు దండెత్తబోతున్నాడని చెబుతాడు. తరచుగా సమావేశమవుతూ, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నంత కాలం వజ్జులకు క్షీణత లేదని బుద్ధుడు జవాబిస్తాడు. మంత్రి వెళ్లగానే రాజగృహంలోని భిక్షువులందరినీ పిలిపించి అవే నియమాలను సంఘానికి వర్తింపజేసి చెబుతాడు. ఓడిపోబోతున్న గణం నడవడిని తన సంఘానికి పోతపోసుకున్నాడన్నమాట. ఆ సుత్తంలోనే, తన తరువాత సంఘాన్ని నడిపే వ్యక్తిగా ఎవరినీ నియమించడానికి ఆయన ఇష్టపడలేదు. తాను చెప్పిన ధర్మం, వినయం మాత్రమే శాస్త (గురువు) అన్నాడు.

సంఘంలో ముఖ్యమైన నిర్ణయాలకు ముందుగా ప్రతిపాదన వినిపించి, దానిని మూడుసార్లు ప్రకటించి, ఒప్పుకున్నవారు మౌనంగా ఉండాలనీ ఒప్పుకోనివారు మాట్లాడాలనీ అడిగేవారు. తగాదా తెగకపోతే శలాకలు (ఓటు పుల్లలు) పంచి లెక్కపెట్టేవారు. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది శిక్ష. కౌటిల్యుని మార్గంలో రాజ్యానికి దండమే ఆధారం, దండం అంటే కర్ర. బుద్ధుడు కూడా చివరి రోజుల్లో ఛన్నుడనే భిక్షువుకు బ్రహ్మదండం విధించమన్నాడు. ఆ దండం ఏమిటంటే, ఛన్నుడు తనకు ఇష్టమైనది మాట్లాడవచ్చు, మిగతావారు మాత్రం అతనితో పలకరు, మందలించరు, బోధించరు. ఆ మాట విని ఛన్నుడు మూర్ఛపోయాడని గ్రంథం చెబుతుంది. కర్ర అనే అర్థమున్న మాటనే తీసుకుని అందులోంచి కర్రను తీసేశాడు.

ఇక కోసంబి నగరంలో భిక్షువుల తగాదా. అట్ఠకథ (పాళీ వ్యాఖ్యానం) ప్రకారం అది మరుగుదొడ్డిలో పాత్రలో మిగిల్చిన నీళ్ల దగ్గర మొదలై, సంఘం రెండుగా చీలేదాకా పోయింది. బుద్ధుడు సర్దిచెప్పబోతే, మీరు సుఖంగా ఉండండి, ఈ తగాదా మేము చూసుకుంటామని భిక్షువులే అన్నారు. ఆయన ఆజ్ఞ వేయలేదు. తన పాత్ర తాను తీసుకుని ఒంటరిగా వెళ్లిపోయాడు. ఆ తరువాత కోసంబి గృహస్థులు ఆ భిక్షువులకు నమస్కరించడం మానేశారు, భిక్ష పెట్టడం మానేశారు. రాజభటుడు ఒక్కడు కూడా రాకుండానే భిక్షువులు దిగివచ్చి, సావత్థికి నడిచి వెళ్లి రాజీపడ్డారు.

కోసంబి విడిచిన దారిలో బుద్ధునికి అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కనిపిస్తారు. ఎలా ఉంటున్నారని అడిగితే, పాలూ నీళ్లూ కలిసినట్టు ఉంటున్నామంటారు. భిక్ష నుంచి ముందుగా వచ్చినవారు ఆసనాలు పరిచి, కాళ్లు కడుక్కోవడానికీ తాగడానికీ నీళ్లు పెడతారు. ఆఖరున వచ్చినవారు మిగిలింది కావాలంటే తిని, అంతా ఊడ్చి సర్దుతారు. కుండ ఖాళీ అయిందని ఎవరు చూస్తే వారు నింపుతారు. ఒక్కరివల్ల కాకపోతే చేసైగతో మరొకరిని పిలిచి ఇద్దరూ పట్టుకుని మోస్తారు, దానికోసం మౌనం కూడా విడవరు. వంతుల పట్టిక లేదు, అజమాయిషీ లేదు. పరస్పర సహాయం గురించి క్రోపోత్కిన్ 1902లో పుస్తకం వెలువరించాడు. ఆ పుస్తకం చదివి వచ్చి ఎవరైనా ఉదాహరణ అడిగితే నేను ఈ నీళ్లకుండనే చూపిస్తాను.

మీ రెండవ మిత్రుని మాటనూ తోసివేయలేను. సరిహద్దులో కల్లోలం వచ్చినప్పుడు మగధ రాజు బింబిసారుని సైనికులు కొందరు యుద్ధం ఇష్టంలేక భిక్షువులయ్యారు. రాజు అభ్యంతరం చెప్పగా, రాజభటులకు ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. అప్పులున్నవారికి, దాసులకు కూడా తలుపు మూతపడింది. రాజులను అనుసరించడానికి అనుమతిస్తున్నానన్న మాట వినయంలోనే ఉంది. భిక్షుణులను భిక్షువులకు లోబరిచిన ఎనిమిది గురుధర్మాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. లోపల దండం లేదు, బయటి దండంతో మాత్రం ఒప్పందం ఉన్నది. ఈ రెండు వాక్యాలనూ కలిపే చదవాలి.

తార్నాక అధ్యాపకుడి సమాధానం

పైన అమ్మాయి చెప్పిన వివరాలకు చేర్చదగినవి కొన్ని ఉన్నాయి. చరిత్రలో ఈ రెండు ఆలోచనలు ఒకే మనిషిలో కలిసిన సందర్భాలు ఊహ కావు. గదర్ ఉద్యమ నిర్మాతల్లో ఒకరైన లాలా హరదయాళ్ అమెరికాలో ఉన్న రోజుల్లో ఓక్లండ్‌లో రష్యన్ అరాజకవాది బకునిన్ పేరిట ఒక సంస్థ నెలకొల్పారు. ఆ తరువాత ఆయనే లండన్ విశ్వవిద్యాలయంలో బోధిసత్వ సిద్ధాంతంపై పరిశోధన చేసి, 1932లో దానిని గ్రంథంగా వెలువరించారు. జపాన్‌లో హకోనె కొండల్లోని ఒక చిన్న గుడికి పూజారి అయిన ఉచియామా గుదో అనే సోటో జెన్ (జపాన్ బౌద్ధంలో ఒక శాఖ) భిక్షువు, గుడిలోనే రహస్యంగా అచ్చుయంత్రం పెట్టి, కౌలురైతులు శిస్తు కట్టనక్కరలేదనీ చక్రవర్తి దైవం కాదనీ కరపత్రాలు వేశాడు. 1911 జనవరి 24న ఆయనను ఉరితీశారు. ఉరికంటే ముందే ఆయన శాఖ ఆయనను వెలివేసింది, 1993లో గాని తిరిగి చేర్చుకోలేదు. ఒక భిక్షువును రాజ్యం చంపబోతుంటే సంఘమే ముందుగా చేయి వదిలిన ఈ ఘట్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రాజుతో ఒప్పందానికి ధర ఎంతో తెలుసుకోవాలంటే ఇది చదవాలి.

సిద్ధాంతంలో తేడా ఎక్కడుందో మహానిదాన సుత్తం చూపుతుంది. తృష్ణ వల్ల వెతుకులాట, అందువల్ల లాభం, లాభం నుంచి ఇది నాదనే పట్టు, పట్టు నుంచి లోభం, లోభం నుంచి కాపలా, కాపలా నుంచి చేతికి దండమూ శస్త్రమూ వస్తాయని అక్కడ వరుస ఉంది. ప్రూధోన్ 1840లో ఆస్తి అంటే దొంగతనమని రాసినప్పుడు ఈ వరుసలోని నడిమి మెట్టును పట్టుకున్నాడు. బుద్ధుడు మొదటి మెట్టు దగ్గర నిలబడి మాట్లాడాడు. కాపలా నుంచి కర్ర పుడుతుందన్న విషయంలో మాత్రం ఇద్దరికీ భేదం లేదు.

మరొక సంగతి. బాబాసాహెబ్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన ప్రసంగంలో, బౌద్ధ భిక్షు సంఘాలకు ప్రతిపాదన, తీర్మానం, కోరం, విప్, ఓట్ల లెక్కింపు అన్నీ తెలుసునని గర్వంగా చెప్పారు. అదే ప్రసంగంలో, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు శాసనోల్లంఘన, సత్యాగ్రహం వంటివి అరాజకత్వపు వ్యాకరణమే అవుతాయని హెచ్చరించారు. సంఘాన్ని చూసి ఆయన నేర్చుకున్నది పార్లమెంటును, అరాజకవాదులు నేర్చుకున్నది పార్లమెంటు అక్కరలేకపోవడాన్ని. ఒకే వినయపిటకం నుంచి రెండు దారులు చీలాయి. వినోబా 1951లో మన పోచంపల్లిలో వంద ఎకరాల దానం అందుకున్న తరువాత, శాసనముక్తి (పాలన నుంచి విడుదల) అనే మాటతో మూడవ దారి ఒకటి చెప్పారు. ఆ దారి దాత మంచితనం మీద ఆధారపడినది కనుక నాకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

నల్లగొండ బిడ్డ సమాధానం

పెద్దలు క్షమించాలి, నేను పాళీ చదవలేదు. మా నాన్న బౌద్ధం తీసుకున్నారు, నేను ఆ ఇంట్లో పెరిగాను, ప్రస్తుతం నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. బ్రహ్మదండం గురించి చదివినప్పుడు మీరంతా అందులో కర్ర లేకపోవడాన్ని చూశారు. నాకు మా ఊరు కనిపించింది.

మనిషిని కొట్టకుండా, పలకరించకుండా, పనికి పిలవకుండా, కిరాణా కొట్టులో సరుకు ఇవ్వకుండా లొంగదీసే పద్ధతి మాకు కొత్తది కాదు. దానిని మేము వెలి అంటాము, సాంఘిక బహిష్కరణ అంటాము. 1991లో చుండూరులో దళితులను చంపడానికి ముందు జరిగింది కూడా అదే. రాజు లేని చోట, పోలీసు రాని చోట, ఊరంతా ఏకగ్రీవంగా మౌనంగా ఉండి అమలు చేసే శిక్ష అది. కోసంబిలో భిక్ష పెట్టడం మానేసిన గృహస్థులను మీరు మెచ్చుకుంటున్నారు. అన్నం పెట్టేవాడి చేతిలో ఉన్న ఆ బలమే మా ఊళ్లో దొర చేతిలో ఉండేది. మా తాత గడీలో వెట్టి చేసిన రోజుల్లో నిజాం పేరు విన్నాడు గాని, నిజాం కొలువు ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఆయనకు రాజ్యం చాలా దూరంగా ఉండేది. ఆ దూరంలో ఆయనకు స్వేచ్ఛ దొరకలేదు, దొర దొరికాడు.

మా నాయనమ్మ చెప్పిన ఒక్క విషయం రాస్తాను. ఆమె ఊరి బావి దగ్గర ఖాళీ కుండ నేలమీద పెట్టి, గట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరైనా చేది పోస్తారేమోనని ఎదురుచూసేది. పోసేవారు కుండకు తమ చేద తగలకుండా ఎత్తు నుంచి పోసేవారు, అందువల్ల సగం నీళ్లు నేలపాలయ్యేవి. ఒక్కొక్క రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ పోసేవారు కాదు. ఆ బావి దగ్గరికి మా వాళ్లు మొదటిసారి నడిచి వెళ్లిన రోజున, తోడుగా ఒక అధికారి కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ కాగితం వెనుక అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం పదిహేడవ అధికరణం ఉంది. అటువంటి కాగితం చేతిలో ఉన్న మమ్మల్ని రాజ్యం వద్దనమని అడిగేముందు, కుండ ఖాళీ అయిందని చూసినవారు నింపుతారన్న మీ కథలో ఆ కుండను ముట్టుకునే హక్కు అందరికీ ఎట్లా వచ్చిందో నాకు చెప్పండి.

పాళీ విద్యార్థిని మలి సమాధానం

నల్లగొండ బిడ్డ గారూ, మీ నాయనమ్మ గారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. బ్రహ్మదండంలో నేను చూడనిది మీరు చూశారు, ఒప్పుకుంటున్నాను. కర్ర లేనంత మాత్రాన శిక్ష మెత్తనిది అయిపోదు, అది ఎవరు ఎవరిపై వేస్తున్నారన్నదే ముందు అడగవలసిన ప్రశ్న. ఛన్నుడు సిద్ధార్థుని సారథి. బుద్ధుడు నావాడు, ధర్మం నాది అని మిగతా భిక్షువులను లెక్కచేయనివాడు. ఆ శిక్ష పెద్దవాణ్ణి అనుకున్నవాడి మీద పడింది. మీ ఊళ్లో అదే శిక్ష నిలబడటానికి చోటు లేనివారి మీద పడింది.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు మాత్రం వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక జవాబు ఉంది, నేను మొదటే చెప్పవలసినది. ఆ నీళ్లకుండ నింపే అనురుద్ధుడు పుట్టుకతో శాక్య రాజకుమారుడు, మూడు కాలాలకు మూడు మేడల్లో సుకుమారంగా పెరిగినవాడు. అతడూ, కింబిలుడూ, మరి నలుగురు శాక్య కుమారులూ ప్రవ్రజ్య కోసం వచ్చినప్పుడు, వారి వెంట మంగలి ఉపాలి ఉన్నాడు. ఆ కుమారులే బుద్ధుణ్ణి ఒక కోరిక అడిగారు. శాక్యులమైన మాకు అహంకారం ఎక్కువ, ఈ ఉపాలి చాలాకాలం మాకు సేవ చేశాడు, ఇతనికి ముందుగా ప్రవ్రజ్య ఇవ్వండి, అప్పుడు మేము ఇతనికి నమస్కరించి లేచి నిలబడవలసి వస్తుంది, మాలోని శాక్య గర్వం అణుగుతుంది అన్నారు. బుద్ధుడు అలాగే చేశాడు. సంఘంలో పెద్దరికం చేరిన క్షణాన్ని బట్టే లెక్క కనుక, ఉపాలి జీవితాంతం వారికి పెద్దవాడయ్యాడు. వినయాన్ని ధారణ చేసినవారిలో ఆయనే మొదటివాడు. రాజగృహ సంగీతిలో (బుద్ధుని బోధనలను కూర్చిన భిక్షువుల సభ) వినయం గురించి మహాకస్సపుడు ప్రశ్నలు వేసింది కూడా ఆయననే.

కాబట్టి ఆ అరణ్యంలో ముగ్గురు అజమాయిషీ లేకుండా కుండ నింపుకోగలిగారంటే, అంతకు చాలా ముందే వారిలో ఇద్దరు ఒక మంగలి పాదాల దగ్గర తల వంచి ఉన్నారు. ఆ వరుసను తారుమారు చేసి నేను చెప్పాను.

నల్లగొండ బిడ్డ

ఈ కథ మా నాన్న కూడా చెప్పలేదు. ఒక్క మాట మాత్రం గమనించాను, అడిగింది శాక్యులే. మా ఊళ్లో అడిగినవారు ఎవరూ లేరు, అందుకే మాకు కాగితం కావలసి వచ్చింది. అడిగేవారు వచ్చేదాకా నేను ఆ కాగితాన్ని వదలను. ఆ తరువాత రాజ్యం ఉండాలా వద్దా అన్న చర్చకు నేనూ వస్తాను.

మూసీతీరం

అందరికీ కృతజ్ఞతలు. మా బృందంలో కోసంబి ప్రకరణం చదవాలని అనుకున్నాము. దానిని వెనక్కి జరిపి, వచ్చే ఆదివారం చుల్లవగ్గలో శాక్య కుమారుల ప్రవ్రజ్య ఘట్టం చదువుదామని మిత్రులకు ఇప్పుడే తెలియజేశాను. నల్లగొండ బిడ్డ గారికి వీలైతే సాయంత్రం ఐదింటికి రావాలని కోరుతున్నాను. మా మేడమీద తాగునీటి కుండ ఒకటి ఉంటుంది. దానిని ఇన్నాళ్లూ ఆ ఇంటివారి పనిమనిషే నింపుతున్నదన్న సంగతి ఈ చర్చ చదువుతున్నప్పుడు గాని నాకు తట్టలేదు.